ఎవరూ చూడని డకోటా

కంటికి కనబడే పనంటే ఏకాంబరానికి లెక్కలేదు. ఎవరి కళ్ళూ పడని చోట చేసిందే ఆయన దృష్టిలో పని. ఈ ఒక్క గుణంతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన పంకజాక్షికి, దేవుడు తన మొగుడికి కళ్ళు వీపున పెట్టి పంపించాడేమోనని గట్టి అనుమానం.

ఇంటికి సున్నం కొట్టమంటే బీరువా జరిపి, దాని వెనక గోడకు మూడు పూతలు వేశాడు. వీధిగోడ దగ్గరికి వచ్చేసరికి సున్నం కాస్తా అయిపోయింది.

“బీరువా ఎనక యెవురు సూస్తారండీ, బల్లులు తప్ప?” అంది పంకజాక్షి.

“బల్లులు సూస్తాయి గదా,” అన్నాడు ఏకాంబరం, నవ్వకుండా. ఆ మనిషి ఎగతాళికన్నాడో నిజంగానే అన్నాడో ఆమెకు ఏనాడూ తేలలేదు.

తిరుపతి గాంధీ రోడ్డులో ఆయనది టైపు మిషన్లు బాగుచేసే దుకాణం. టైపు నేర్పే తిరుమలయ్య ఒకసారి మిషనొకటి ఇచ్చి, వారం తరవాత వచ్చి చూస్తే పైన దుమ్ము దుమ్ముగానే ఉంది.

“ఏందప్పా, తుడవనన్నా లేదే?”

ఏకాంబరం మిషను బోర్లించాడు. అడుగున స్ప్రింగులూ కడ్డీలూ పెళ్ళివారి వెండిసామానులా తళతళలాడుతున్నాయి. “పైది నువ్వు తుడుసుకోగలవు. ఇది నీ సేత కాదు,” అన్నాడు. తిరుమలయ్య మిషను బోర్లించింది బోర్లించినట్టే మోసుకుపోయాడు.

తొంభై తొమ్మిది నాటికి కంప్యూటర్లు దిగి ఆ మిషన్లూ రావడం తగ్గింది. దుకాణంలో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, పక్కవీధి కాశిం సాహెబ్ చంకలో ఒక పాత అట్టపెట్టెతో ఇంటికి వచ్చాడు.

కాశిం సాహెబ్ రేణిగుంట విమానాశ్రయంలో పాతికేళ్ళకు పైగా లోడరు. విమానాల పొట్టల్లోకి ఎన్ని పెట్టెలు ఎక్కించాడో లెక్కలేదు గానీ, తాను మాత్రం ఒక్కసారీ సీట్లో కూర్చోలేదు. తప్పిపోయిన పెట్టె వెతికి ఇచ్చినందుకు ఎవరో దొర ఆయనకు ఈ అట్టపెట్టె బహుమానంగా ఇచ్చాడు. విప్పితే మొద్దువేళ్ళకు ఏం విరుగుతుందోనని అన్నేళ్ళూ అటకమీదే దాచాడు.

“ప్లాస్టిక్కు విమానమప్పా. ముక్కలన్నీ విడివిడిగా ఉండాయి, అతికించుకోవాల. డకోటా.”

“డకోటా అంటే సిత్తూరు పొయ్యే ఆ తుక్కు బస్సు గదన్నా?” అంది పంకజాక్షి. ముసలిదై మూలిగే బండినల్లా డకోటా అనడమే ఆమెకు తెలుసు.

“దీని పేరే దానికి పెట్నారమ్మా.” సాహెబ్ నవ్వాడు గానీ వెంటనే గొంతు తగ్గించాడు. “కంట్లో నీటికాసులంట. ఒక కన్ను పొయ్యింది. రెండోది ఆర్నెల్లకు మించి నిలవదన్నాడు డాక్టరు. ఆ లోపల దీన్ని నిలబెట్టి సూపించప్పా. ఇంతకాలం దాసిపెట్టినాను, ఒకసారి సూడాలని ఉండాది.”

పంకజాక్షికి జాలేసింది. మొగుడి సంగతి తెలిసినది కాబట్టి, ఆర్నెల్లలో తెమలదేమోనని భయం కూడా వేసింది.

పెట్టె విప్పితే జిగురు గొట్టం రాయిలా ఉంది. అద్దాల ముక్కలు డికాషన్ రంగు తిరిగాయి. పొట్ట రెండు సగాలూ వంకరపోయి ఒకదానితో ఒకటి కలవనన్నాయి. అంటించాల్సిన బొమ్మకాగితాలు ముట్టుకుంటే పొడి అయ్యాయి. ఇవేవీ ఏకాంబరాన్ని బాధపెట్టలేదు. ఆయనను బాధపెట్టినవి రివిట్లు, రేకులు బిగించే మేకుల బొడిపెలు.

“ఏంది సాహెబూ, ఒళ్ళంతా అమ్మవారు పోసినట్టు? ఈ లెక్కన అసలు విమానంలో ఒక్కో రివిట్టూ ఇడ్లీ అంత ఉండాల.”

“దూరానికి నున్నంగానే ఉంటాదప్పా.”

అంతే. తడి ఉప్పుకాగితం పెట్టి ఒక్కో రివిట్టునూ గీకడం మొదలుపెట్టాడు. వందలున్నాయి. రెక్కల అడుగున కూడా వదల్లేదు. రెండు నెలలు పట్టింది. వేడినీళ్ళలో ముంచి పొట్ట వంకర తీశాడు. క్యాసెట్టు డబ్బా కోసి కిటికీలకు అద్దాలు చేశాడు. తరవాత లోపల చూశాడు. ఖాళీగా ఉంది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

టైపు రిబ్బను డబ్బాల రేకుతో ఇరవయ్యొక్క సీట్లు చేసి, వాటికి పంకజాక్షి పాత వెల్వెట్ రవిక కత్తిరించి తొడిగాడు.

“రెండు సగాలూ అతికిస్తే సీట్లు యెవురు సూస్తారండీ?”

“యెవురూ సూడరు.”

“మరి?”

“ఉంటాయి గదా.”

సాయంత్రాలు వంటింట్లోంచి గరిటె పట్టుకొచ్చి “ఉప్పు సూడండి” అంటే, తల తిప్పకుండా నోరు తెరిచి, “సరిపొయ్యింది” అనేవాడు. చేతిలో సీటు మాత్రం వదిలేవాడు కాదు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే సాహెబ్ భార్య ఖమర్ జహాన్, టోపీతోనే ఉన్న ఆయనను చెయ్యిపట్టి తీసుకొచ్చేది. మొదట్లో సాహెబ్ గడపలోంచే విమానాన్ని గుర్తుపట్టేవాడు. మూడో నెలకు బల్లదాకా రావలసి వచ్చింది. నాలుగో నెలకు ముక్కుకు ఆనించుకుని చూశాడు.

ఆ నెలలోనే ఏకాంబరం ఆయనకు తోడుగా కంటాసుపత్రికి వెళ్ళాడు. వచ్చి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే సూది మొనతో జిగురు చుక్కలు తీసి, తాను గీకేసిన రివిట్లను రెక్కమీద మళ్ళీ ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు.

పంకజాక్షికి ఒళ్ళు మండిపోయింది. “పిచ్చి గాని పట్టిందా మీకు? రెండు నెలలు కూర్చోని తీసినవి మళ్ళా పెడతారా? ఆడ ఆ మనిషి సూపు పోతా ఉండాది. రంగేసి ఇచ్చెయ్యండి, సూసుకోనీ పాపం.”

ఆయన సూది కింద పెట్టలేదు. చుక్క ఆరితే పక్కన ఇంకో చుక్క. ఆ నెలంతా ఆమె మొగుడితో సరిగా మాట్లాడలేదు. ఉప్పు కూడా చూడమనలేదు. కూర ఎలా ఉంటే అలా తిన్నాడు.

అయిదో నెల రెండో శుక్రవారం సాహెబ్ వచ్చాడు. విమానం ఏ పక్కనుందో ఆయనకు తెలియలేదు. దండెం వైపు తిరిగి, “యాడికొచ్చిందప్పా మన డకోటా?” అన్నాడు. పంకజాక్షికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మనిషి అడిగింది ఒక్కటే, అదీ ఇవ్వలేకపోయామే అని కుమిలిపోయింది.

“అయిపొయ్యింది. సూడు సాహెబూ,” అంటూ ఏకాంబరం విమానాన్ని ఆయన చేతుల్లో పెట్టాడు.

చూపులేని మనిషిని చూడమంటాడేమిటని పంకజాక్షి నోరు తెరవబోయింది. అప్పటికే సాహెబ్ వేళ్ళు రెక్కమీద నడుస్తున్నాయి. ఒక వరస దాటి ఇంకో వరస. మొద్దువేళ్ళు నెమ్మదించాయి.

“రివిట్లు,” అన్నాడు. “పెట్టెలెక్కిస్తా చెయ్యి ఆనిస్తే ఇట్లనే తగిలేవి. అచ్చం ఇట్లనే.”

రెక్కలమీది పంకాలు తిప్పాడు, తిరిగాయి. తలుపు లాగాడు, వచ్చింది. ఏకాంబరం ఆయన వేలు పట్టి పైకప్పు అంచున పెట్టాడు. కోసి బిగించిన కప్పు మూతలా లేచింది. వేలు వెల్వెట్ సీట్లమీదుగా వెళ్ళి ఏడోదాని దగ్గర ఆగింది.

“ఈడ యెవురో కూర్చోనుండారే.”

“నెత్తిన టోపీ ఉండాదేమో సూడు.”

సాహెబ్ వేలి కొసతో టోపీ అంచు తడిమాడు. “నేనేనా?” అన్నాడు చివరికి.

“లోడింగు అయిపొయ్యింది గదా. కాసేపు కూర్చో.”

ఖమర్ జహాన్ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఏకాంబరం భార్య వైపు తిరిగాడు. “ఆ పొద్దు డాక్టరు నెల కూడా నిలవదన్నాడు పంకజా. రంగేసినా సూసేదానికి సూపుండదని అప్పుడే తెలిసింది. రోజూ ఉప్పు సూడమంటావే, నేను కంటితో సూస్తానా?”

పంకజాక్షికి నెల రోజులు ఉప్పు చూడమనకుండానే కూర పెట్టానని ఒకటే బాధ.

ఇంతలో సాహెబ్ విమానాన్ని వెల్లకిలా తిప్పాడు. అడుగంతా తడిమి, ఒకచోట వెనక్కి వచ్చి మళ్ళీ తడిమాడు. “అప్పా, ఎడమ రెక్క కింద, ఆఖరి వరసలో ఒక రివిట్టు లేదు.”

ఏకాంబరం మొహం పాలిపోయింది.

“రెక్క కింద యెవురు సూస్తారన్నా?” అంది పంకజాక్షి అలవాటుగా.

“నేను సూసినాను గదమ్మా,” అన్నాడు కాశిం సాహెబ్.

ఏకాంబరం విమానాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని, వచ్చే శుక్రవారం రమ్మన్నాడు. పంకజాక్షి లోపలికి వెళ్ళి సూది తెచ్చి ఇచ్చింది.