అన్నయ్య పేరు పక్కన ‘రెస్ట్’ అని రాసిన రోజు

మా చిన్నప్పుడు... ఖరగ్‌పూర్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం, ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో, మా క్వార్టర్ల లైను చివరి టీ కొట్టు దగ్గర నల్లబల్ల మీద ఆడేవాళ్ళ పేర్లు సుద్దముక్కతో రాసేవారు. కోచ్ దాదా రాసి సైకిలెక్కే దాకా ఎవరూ దగ్గరికి వెళ్ళేవారు కాదు. ఆయన మలుపు తిరగ్గానే అందరం పరుగు... మొదటి పేరు ఎప్పుడూ మా అన్నయ్యదే. సామ్యేలు.

నాకిప్పుడు యాభై ఏళ్ళు. ఇలాంటివి రాసే అలవాటు లేదు. మొన్న అన్నయ్య ఫోన్ చేసి, "మన సింహాచలం రిటైరైపోతన్నాడే... దండ నన్నే ఎయ్యమన్నాడు" అని సంబరంగా చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా దేవుడికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అందుకే ఇది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అన్నయ్యకి ఇరవై నాలుగు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. అన్నయ్యకి ఇంకా ఉద్యోగం లేదు. రైల్వేలో ఆటగాళ్ళకిచ్చే ఉద్యోగం మీదే మా అందరి ఆశ. సెలెక్షన్ వాళ్ళు ఏదో ఒకరోజు చెప్పకుండా వచ్చి, ఆట చూసి, పేర్లు రాసుకుని పోయేవారు. ఆ ఏడు గడిస్తే అన్నయ్యకి వయసు దాటిపోతుంది.

ఆ ఏడు మా కాలనీ జట్టు, లీగ్‌లో ఇంకో మ్యాచ్ ఉండగానే సెమీస్‌కి చేరిపోయింది. ఆ చివరి మ్యాచ్ గెలిచినా ఓడినా ఒకటే.

అన్నయ్య మోకాలు వాచి ఉంది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే పెరట్లో ఆవనూనె రాసుకుంటూ నాకు దొరికిపోయాడు. "అమ్మతోటి సెప్పినావంటే సూడు మరి..." అని నవ్వాడు.

ప్రభువా, అన్నయ్యకి ఈ ఒక్క మ్యాచ్ విశ్రాంతి ఇవ్వు అని ప్రార్థన చేశాను. చేసి ఊరుకుంటే పోయేది. నా నమ్మకం చాలలేదేమో... బడి నుంచి వస్తూ కోచ్ దాదా ఇంటికి వెళ్ళాను.

"దాదా, అన్నియ్య మోకాలు వాసిపోనాది. రేపు ఆడించకండి..."

ఆయన నా తల నిమిరాడు. "ఠీక్ హై. నువ్వు చెప్పినావని ఎవరికీ చెప్పను."

ఆ సాయంత్రం బల్ల మీద అన్నయ్య పేరు అడుగున ఉంది. పక్కన 'రెస్ట్' అని. టీ కొట్టు దగ్గర ఒకాయన నన్ను చూసి, "ఏటమ్మా, మీ అన్నకి రెస్టట! పెద్ద పిలేరైపోనాడు, సెమీస్ కోసం దాస్తన్నారు!" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ సేమ్యా పాయసం చేసింది. అన్నయ్య సిగ్గుపడుతూ రెండుసార్లు వేయించుకున్నాడు. నా ప్రార్థన ఫలించిందని నేను మురిసిపోయాను.

అన్నయ్య బదులు ఆడబోయేది మా ఎదురు క్వార్టర్ సింహాచలం. ఎప్పుడూ బెంచీ మీదే ఉండేవాడు. వాడి బూట్లకి అడుగు ఊడిపోతోంది.

"ఒరే, ఆటితోటి ఆడి మా పరువు తీత్తావేటి? ఇవి పట్టికెల్లు" అని అన్నయ్య తన బూట్లు ఇచ్చేశాడు.

మర్నాడు అన్నయ్య మామూలు చొక్కా, హవాయి చెప్పులతో మా పక్కనే కూర్చుని మ్యాచ్ చూశాడు. ఆట మొదలైన కాసేపటికి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన చేతిలో నోటు పుస్తకం. నాన్న మొహం తెల్లబోయింది.

అవతలి జట్టు కూడా కుర్రాళ్ళనే దింపింది. విరామానికే సింహాచలం రెండు గోల్స్ కొట్టాడు.

నాన్న తాడు దాటి కోచ్ దాదా దగ్గరికి పరిగెత్తాడు. మేమూ వెనకే. "దాదా, సెలెక్షనోళ్ళు ఒచ్చినారు. మావోణ్ణి దింపండి."

దాదా ఒకసారి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "దింపుతాను... బూట్లేవీ?" అన్నాడు.

అన్నయ్య మెల్లగా చెప్పాడు. "ఆడి కాళ్ళకున్నాయి నాన్నా."

"అయితే అడగరా! ఈ ఏడుతో నీకు వయసైపోతాది!"

"రెండు గోల్స్ కొట్టినోణ్ణి బూట్లిప్పమని ఎలాగడగను? సెమీస్‌కీ వస్తార్లే నాన్నా..."

సింహాచలం మూడో గోల్ కొట్టకముందే నాన్న ఇంటికి వెళ్ళిపోయాడు.

సెమీస్‌కి వాళ్ళు రాలేదు. వేరే ఊరు వెళ్ళారట. అన్నయ్య ఆ మోకాలితోనే రెండు గోల్స్ కొట్టాడు, మేం గెలిచాం. రాసుకున్నవాళ్ళు లేరు. ఆ తర్వాత నెల రోజులు మంచం దిగలేదు.

ఉద్యోగం ఉత్తరం ఎదురింటికి వచ్చింది. సింహాచలం మంచివాడే. స్వీట్ డబ్బా తెచ్చి అన్నయ్య కాళ్ళ మీద పడ్డాడు. అన్నయ్య గోల్‌బజార్‌లో బట్టల కొట్టులో చేరాడు. జీవితమంతా థాన్లు విప్పి, మళ్ళీ చుట్టాడు. నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి తాల్‌బగీచాలో అద్దె ఇంటికి మారాం. నాన్న పోయేదాకా మా ఇంట్లో ఫుట్‌బాల్ మాట లేదు.

దేవుడు నన్ను క్షమించాడనే అనుకుంటాను. నన్ను నేనే... ఇంకా లేదు.

ఇప్పుడా లైన్లో సగం క్వార్టర్లు ఖాళీ. కిటికీలకి రెక్కలు కూడా లేవు. ఫలానా సామ్యేలు చెల్లెలివా అని అడిగేవాళ్ళు లేరు... మీలో ఎవరైనా మేలు చేయబోయి ఇంట్లోవాళ్ళకి ఇలా కీడు చేసి ఉంటే, కింద రాయండి. చదువుకుంటాను.

ఒక్క మనవి. ఖరగ్‌పూర్ వాళ్ళెవరైనా ఇది చదివితే, మా అన్నయ్యని ఎరిగి ఉంటే, మీ దగ్గరే దాచుకోండి. ఆయనకి చూపించకండి. ఈరోజుకీ ఎవరైనా అడిగితే, "దాదా నన్ను సెమీస్‌కని దాచుకున్నాడు, నేనంటే అంత గురి మరి" అని చెప్పుకుంటాడు. ఆయనకి మిగిలింది ఆ ఒక్క మాటే.