నజీర్ చూపే దారి

ఎన్నికలొచ్చాయంటే నజీర్ తన బైక్ మెకానిక్ షెడ్డు షట్టరు సగమే ఎత్తుతాడు. పొద్దున్నే షిఫ్టు దిగి వచ్చే కార్మికుల మధ్య చాయ్ హోటల్లో కూర్చుని, గ్లాసు చల్లారేదాకా వింటాడు తప్ప మాట్లాడడు. ఏ గల్లీ ఊగిసలాడుతోందో ఆ మాటల్లోనే పట్టేస్తాడు. గ్రీజు వదలని వేలితో అతను ఎటు చూపిస్తే అభ్యర్థి బండి అటు తిరుగుతుంది. ఓట్లు ఎట్లాగూ పడే గల్లీకీ, ఏం చేసినా పడని గల్లీకీ పోయి పొద్దు పోగొట్టవద్దన్నది ఏళ్లుగా అతను పార్టీకి నేర్పిన పద్ధతి.

ఓపెన్‌కాస్టు గని అంచున ఉన్న అతని సొంత గల్లీ ఓట్లు ఎప్పుడూ ఆ పార్టీకే. అందుకే అక్కడికి ఏ అభ్యర్థీ రాలేదు. గనిలో పేలుళ్లకు ముందు బ్లాస్టింగ్ సైరన్ మోగగానే గూట్లో గిన్నెలన్నీ నేల మీదికి దించుకునే పక్కింటి ముసలమ్మ అనసూర్య, ఈసారి అతని చెయ్యి పట్టుకుంది.

"ఒక్కపారి తోల్కరా నజీరూ. పగిలిన గోడలు గాయన కండ్లతోని సూడాలె."

అడిగితే పార్టీ ఇన్‌చార్జి నవ్వాడు. "నువ్వు నేర్పిన పద్ధతే గదనే! పక్కా ఓట్లున్నకాడ టైమెందుకు ఖరాబు?"

మర్నాడు నజీర్ గల్లీ మలుపు దగ్గర డ్రైవరు అభ్యర్థి బండి ఆపి చూస్తే, అతని వేలు అలవాటుగా నేరుగా పొమ్మంది.

సాయంత్రం అనసూర్య గడపలోనే కూర్చుని ఉంది. "గట్లయితే ఈపారి మా గల్లీ ఓటెయ్యదని చెప్పు బిడ్డా."

"చెప్పిన అవ్వా," అన్నాడు నజీర్, గోడ పగులును వేలితో తడుముతూ. "ఎవ్వరు నమ్మలే."