ఉత్తుత్తి పెళ్లిలో పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున తూంకుంటలో చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదు. "అక్క పోయిందే" అని మా అమ్మ ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఏడ్చింది.

మీలో కొందరికి ఆమె తెలిసే ఉంటుంది. ఫోన్‌లో మా సినిమా చూసినవాళ్లు ఆమెను 'ఫోర్క్‌లిఫ్ట్ అవ్వ' అంటారు. ఆ పేరు వింటే మూతి ముడిచేది. "అవ్వనంట! నాకేం అంత వయసచ్చిందని?" అనేది. అప్పటికే అరవై దాటాయి మహాతల్లికి.

ఆ సినిమా సంగతి చెప్పాలి. గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పనిచేసే మేం నలుగురం సెలవు రోజుల్లో తీశాం. వింతగా పెళ్లి చేసుకోవాలనుకునే జంటల వెంట టీవీవాళ్లు తిరుగుతూ ఇంటర్వ్యూలు తీసుకుంటున్నట్టు, అంతా ఉత్తుత్తి డాక్యుమెంటరీ. రాసిన మాటలు లేవు. కెమెరా వెనక నుంచి ప్రశ్న అడగడం నా పని, అప్పటికప్పుడు తోచింది నిజంలా చెప్పడం నటించేవాళ్ల పని. ఒక జంట షామీర్‌పేట చెరువులో తెప్పల మీద తలంబ్రాలు పోసుకుంటామంటుంది. ఇంకో జంట తాము కలుసుకున్న గోదాములోనే, పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ మీద ఊరేగి పెళ్లాడతామంటుంది. ఆ రెండో పెళ్లికూతురికి నాయనమ్మ కావాలి. నాకు మా పెద్దమ్మ తప్ప ఎవరూ తట్టలేదు.

ఆమెకు ఇరవై ఆరేళ్లకే భర్త పోయాడు. పిల్లల్లేరు. సూరారంలో ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తూ నన్ను చదివించింది. మా ఇళ్లలో ఏ పెళ్లయినా అందరికంటే ముందు లేచేది ఆమే, ఉల్లిగడ్డలు కోసేది ఆమే. పసుపు గిన్నె బయటికి రాగానే మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయేది. పొమ్మని ఎవరూ అనేవాళ్లు కాదు. చిన్నప్పుడు ఒకసారి ఎందుకలా అని అడిగితే, "ఎవలన్న అనకముందే నేనే పోతె, అన్న పాపం వాళ్లకు రాదు గదా" అంది. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ మండుతుంది.

అందుకే సినిమా అనగానే చేతులు వెనక్కి తీసుకుంది.

"పెండ్లి సీన్ల నేనెందుకే? పసుపు ముట్టాల్సొస్తది."

"నిజం పెండ్లి గాదు గదా పెద్దమ్మా. ఉత్తుత్తిదే."

"ఉత్తుత్తిదైతె పిల్లకేం గాదు గదా?"

"ఏం గాదు."

"అయితె వస్త" అంది.

వచ్చి ఏం చేసిందనుకున్నారు? మమ్మల్నందరినీ మింగేసింది. ఫోర్క్‌లిఫ్ట్ పెళ్లి మీద మీ అభిప్రాయమేమిటని అడిగాను. "మమ్ముల ఎడ్లబండి మీద తీస్కపోయిన్రు. గది గూడ బరువులు మోసేదే. ఎద్దుకు కొమ్ములు పైకుంటయ్, దీనికి కిందికున్నయ్, గంతే" అంది. ఉన్నట్టుండి పెళ్లికొడుకు వైపు తిరిగింది. "మా పోరిని పైకి లేపుడు సరే అయ్యా, దించుడు వస్తదా నీకు?" నవ్వాపుకోలేక నేను కెమెరా కదిపేశాను. ఆ కదలిక సినిమాలో అలాగే ఉంచాం.

తర్వాత నలుగు సీను. అరల మధ్య పీట వేసి, పసుపు గిన్నె ఆమె చేతికిచ్చాం. అంతసేపూ గలగలలాడిన మనిషి గిన్నెలో వేళ్లు ముంచి ఊరుకుండిపోయింది. పసుపు ముట్టి ముప్పై ఏళ్లు దాటాయి మరి. ఆ తర్వాత పాదాలు, మోకాళ్లు, భుజాలు, చెంపలు, ఒక్కటీ మరిచిపోకుండా రాసింది. నేను "కట్" అన్నాను.

"ఇంకొంచెంసేపు నడవనియ్యే" అంది.

కెమెరాను ఆపకుండా స్టాండు మీద అలాగే వదిలేసి, మిగతా అందరం చాయ్‌కి వెళ్లాం.

పోయినేడు మేడ్చల్‌లో నా పెళ్లి. ఇది నిజంది. నలుగు రోజు ముత్తైదువలంతా చుట్టూ చేరారు, గిన్నె మా మేనత్త చేతిలో ఉంది. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నన్ను మనిషిని చేసిన చెయ్యి నా మీద పడకుండా ఈ పెళ్లేమిటి నాకు? పీట మీద నుంచే గట్టిగా అరిచాను.

"పెద్దమ్మా! కెమెరా నడుస్తాంది, జల్దీ రా!"

ఉల్లిగడ్డ చేతులతో గడప దాకా వచ్చి ఆగింది. "ఇది నిజందే బిడ్డా" అంది.

"నిజందే. మాటలు ఎవలు రాసియ్యలే. నువ్వే నడిపియ్యాలె."

మేనత్త గిన్నెను ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పుడు మా అమ్మ, జన్మలో ఆడపడుచుకు ఎదురు చెప్పని మా అమ్మ, లేచి ఆ గిన్నె లాక్కుని, "రా అక్కా" అంది.

పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. రాసే ముందు, సినిమాలో లాగే వీడియో అతని వైపు తిరిగింది. "మీరందరు సాక్షం. నేనడగలే, పోరే పిలిచింది" అంది. ఆ రోజు ఆమెను చూసి పొంగిపోయినంతగా నా మొగుణ్ణి చూసి కూడా పొంగిపోలేదు. ఏడాదైంది, మేమిద్దరం నిక్షేపంగా ఉన్నాం. ఈ ముక్క మా మేనత్త కూడా చదవాలనే రాస్తున్నాను.

నిన్న పెద్దమ్మ గొంతు వినాలనిపించి, గోదాములో తీసిందంతా మొదటి నుంచి పెట్టుకున్నాను. నేను "కట్" అన్న తర్వాతి భాగం ఎన్నడూ చూడలేదు. పెళ్లికూతురు లేచి వెళ్లింది. అందరూ వెళ్లారు. అరల మధ్య పెద్దమ్మ ఒక్కతే గిన్నె ముందు కూర్చుని ఉంది. అటూ ఇటూ చూసింది. వేళ్లకు మిగిలిన పసుపును మెల్లగా తన చెంపకు రాసుకుంది.