మా నాన్న ఊరి ముందు చెప్పుకున్న పాపం

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలపు తొలి శుక్రవారం ఉదయం బడిలో హాజరు వేస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న పోయారు" అన్నాడు. పిల్లలు లేచి నిలబడే ఉన్నారు. కూర్చోమనడం కూడా తోచలేదు నాకు. శృంగవరపుకోట దాపున మా విచారణలో, అంటే మా గుడి కిందికి వచ్చే పల్లెల్లో, తరతరాల కతోలిక కుటుంబాలకు జ్ఞానోపదేశం చేసిన చిన్నప్ప మేస్టారి నిర్యాణవార్త మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆయన కుమార్తెగా ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకుందో లేదో తెలియదు.

నాన్న ఉపదేశి. గురువులు, అంటే ఫాదర్లు, అరుదుగా రాగలిగే పల్లెలకు సైకిలు మీద వెళ్ళి, జపాలు నేర్పి, పిల్లలను తొలి పాపసంకీర్తనానికి, అంటే గురువు చెవిలో పాపాలు ఒప్పుకోవడానికి, సిద్ధం చేసేవారు. ఆత్మపరిశోధన గురించీ ప్రాయశ్చిత్తం గురించీ క్లుప్తంగా చెప్పి, చేసిన తప్పుకు లోపల నొచ్చుకునే మనస్తాపం దగ్గర చాలాసేపు ఆగేవారు. ఎవరైనా పాపాలు గడగడా వల్లిస్తే, "ఎక్కాలు అప్పసెప్పినట్టు సెప్తే దేవుడు మార్కులేస్తాడేట్రా? ఏడుపు రాకపోతే పోనీ, సెయ్యకుండా ఉంటే బాగుణ్ణని ఒక్కసారైనా అనిపించాల" అనేవారు. ఆ నిష్ఠ చూసి ఊరివారు ఆయనను సగం గురువుగానే భావించారు.

కొన్నేళ్ళ కిందట, జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్న ఒక రైతు ఇల్లాలు పాఠం మధ్యలో అడిగింది. "మేస్టారూ, పది పాపాలు సెప్పి ఒకటి దాసీసినోడికి ఆ పదీ పోతాయా?" సమాధానం నాన్నకు కంఠోపాఠం. ఘోరపాపాన్ని తెలిసి దాచితే ఆ సంకీర్తనమే చెల్లదు, పైగా అది మరో పాపం. అయినా ఆయన పుస్తకం మూసేశారట. "రేపు సెప్తానమ్మా" అని ఇంటికి వచ్చేశారు.

ఆ సాయంత్రం నన్నూ తమ్ముణ్ణీ కూర్చోబెట్టుకుని చెప్పారు. మా చిన్నతనంలో, మరియమాత పండుగ ముందురోజు, ఊరేగింపు కోసం తుడుస్తుండగా ఆ తల్లి విగ్రహం ఆయన చేతిలోంచి జారి ముక్కలైంది. జనం గుండెలు బాదుకున్నారు. ఎవరి పని అని గురువు అడిగితే నాన్న, "జోజి లోపలున్నాడు ఫాదర్. తాగున్నాడనుకుంటాను" అన్నారు. జోజి గుడి ఊడ్చి, గంట కొట్టే మనిషి. తాగుడు అలవాటున్నవాడి మీద ఆ మాట ఇట్టే అతుక్కుపోయింది. గుడి ఆవరణలో వాళ్ళుండే గది ఖాళీ చేయించారు. భార్య సన్నేసమ్మనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని జోజి చీపురుపల్లి పోయాడు.

"నాను అబద్ధం ఆడనేదు, అనుకుంటాను అన్నానంతే, అని నాకు నానే సెప్పుకున్నాను. గురువు దగ్గర కోపాలు సెప్పాను, సిరాకులు సెప్పాను. ఇది సెప్పనేదు. ఊరందరికీ నేర్పినోణ్ణి, ఇన్నేళ్ళూ సెల్లని సంకీర్తనం సేసేను" అన్నారు నాన్న.

మర్నాడే వెళ్ళి గురువు ముందు మోకరించారు. లోపల ఏం జరిగిందో మాకు తెలియదు. బయటకు వచ్చి, "సీపురుపల్లి ఎల్దాం, తోడు రామ్మా" అన్నారు.

స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్లో పిండి రుబ్బుతున్నాడు జోజి. నాన్న నిలబడే అంతా చెప్పేశారు. జోజి చేతులు కడుక్కుని వచ్చి, "నాకు తెల్దేటి మేస్టారూ? ఆ రోజు నాను సుక్క ముట్టనేదు. తాగుబోతోడి మాట ఎవులింటారు?" అన్నాడు. నాన్న చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. "నా సెవిలోన సెప్తే ఏటి లాభం? ఊరికి సెప్పు." సన్నేసమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు.

తిరుగు బస్సులో నేను బతిమాలాను. "ఫాదర్ క్షమించారు కదా నాన్నా, ఇంకెందుకు? ఊళ్ళో మేం తలెత్తుకోవద్దా?"

"ఆడి మంచి పేరు నా దగ్గరుండిపోనాదమ్మా. అది తిరిగి ఇయ్యకుండా ఏడిస్తే మనస్తాపం కాదు."

ఆదివారం పూజ ముగిశాక నాన్న మైకు ముందుకు వెళ్ళారు. ఆయన గొంతు సవరించుకోగానే నేను పక్క తలుపులోంచి బయటపడి, ఆ మాటలు వినబడనంత దూరం నడిచాను. తరువాత కొందరు ఆయన దగ్గరకు పిల్లలను పంపడం మానేశారు. ఉపదేశి పని ఆయనే వదులుకున్నారు. నేను క్రిస్మస్‌కు కూడా పుట్టింటి గడప తొక్కలేదు.

చివరికి వెళ్ళిన రోజున ఆయన నన్ను నిందించలేదు. అన్నం వడ్డిస్తూ, "నా మూలాన సిగ్గుపడతన్నావు కదమ్మా. నానూ సానా ఏళ్ళు సిగ్గుతోనే బతికేను, అదే మనస్తాపం అనుకున్నాను. సిగ్గు మన పేరు కోసం ఏడుస్తాది. మనస్తాపం జోజి కోసం ఏడుస్తాది" అన్నారు.

భూస్థాపన నాడు జోజి వచ్చాడు, సన్నేసమ్మతో. ఆమె గుప్పెడు మట్టి వేసి, "ఇన్నాళ్ళూ కోపం ఇడవనేదు మేస్టారూ. ఇప్పుడిడిసేను. ఎల్లండి" అంది. తరువాత నా దగ్గరకు వచ్చింది. "కూతురివి కదమ్మా. ఆ రోజు గుళ్ళోన మేస్టారు మా గురించి ఏటి సెప్పారు? మాట మాటా సెప్పు. మాం ఇననేదు."

నేను చెప్పలేకపోయాను.

తన పాపాన్ని తన నోటితో మోసుకెళ్ళి దించిన అటువంటి ధీరుణ్ణి ఈ విచారణ మళ్ళీ చూస్తుందనుకోను. నాన్నా, మీకు నా సాష్టాంగ ప్రణామం. ఆ ఆదివారం చివరిదాకా కూర్చుని విన్నవారెవరైనా దీన్ని చదివితే, దయచేసి చీపురుపల్లి రండి. ఆ తల్లికి చెప్పండి. పక్కన నిలబడి నేనూ వింటాను.