ఖమర్ భాయ్ పాయా పిలుపు

ఎవరినైనా ఖమరుద్దీన్ పాయా తినడానికి రమ్మన్నాడంటే వాడి పని అయిపోయినట్టే. మా కంపెనీ క్రికెట్ టీమ్‌లో ఈ సంగతి తెలియనివాడు లేడు. సీజన్ ముగిశాక మేనేజర్ ఖమరుద్దీన్ ఒక ఆటగాడిని వెంటబెట్టుకుని మస్కట్ శివార్లలో అల్ మవాలేలోని ఒక హోటల్‌కు వెళ్లేవాడు. మా రూములకు దూరం కనుక అక్కడ ఏడ్చినా తోటివాళ్లు చూడరు. కడుపునిండా ఆ మేకకాళ్ల పులుసు తినిపించి, చాయ్ వచ్చాక చెప్పేవాడు, వచ్చే సీజన్‌కు నిన్ను తీసుకోవడం లేదని. టీమ్‌లో చోటు పోతే వీసా కూడా పోతుంది. కాగితాల మీద మావాళ్లంతా హెల్పర్లు, సేల్స్‌మెన్లు. నిజానికి ఆడటానికే తెచ్చినవాళ్లు. ఆట పోయిన హెల్పర్‌తో కంపెనీకి ఏం పని?

ఖమరుద్దీన్‌ది కడప. మస్కట్ వచ్చింది డ్రైవర్‌గా. టీమ్ బస్సు తోలుతూనే ఎవరికి మోకాలు నొప్పో, ఎవరికి ఇంటి దిగులో అద్దంలో చూసి పసిగట్టేవాడు. అప్పటి మేనేజర్ చెప్పాపెట్టకుండా మానేస్తే అర్బాబ్, అంటే మా యజమాని, "నువ్వే చూసుకో" అన్నాడు. అలా మేనేజర్ అయ్యాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఫోర్‌మన్ల గడ్డాలు పట్టుకుని ఆటగాళ్లను డ్యూటీ నుంచి విడిపించాలి, అలిగిన బౌలర్‌ను బుజ్జగించాలి, నీళ్ల డబ్బాలు మోయాలి. నేను స్టోర్‌కీపర్‌ని, పేరు వీరబ్రహ్మం. టీమ్‌కు స్కోరు రాస్తాను కాబట్టి అన్నీ చూశాను. గెలిస్తే అది అర్బాబ్ టీమ్, ఓడితే ఖమరుద్దీన్ టీమ్. ఓడిన రోజు బస్సు సగం దారిలో ఉండగానే ఆయన ఫోన్ మోగేది. "యస్ అర్బాబ్, యస్ అర్బాబ్" అంటూ కిటికీ వైపు తిరిగిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది.

జగిత్యాల రఘుపతి మా వికెట్‌కీపర్. విరిగిన వేళ్లు వంకరగా అతుక్కున్నాక అతన్ని పంపేయమని అర్బాబ్ చెప్పాడు. ఖమరుద్దీన్ పాయాకు తీసుకెళ్లాడు. చాయ్ వచ్చింది కానీ ఆయన నోరు పెగల్లేదు. మర్నాడు అర్బాబ్ దగ్గరికి పోయి, తనకు అసిస్టెంట్ లేకపోతే కుదరదని బతిమాలి రఘుపతిని నిలబెట్టుకున్నాడు. తనకు తెలిసిన పనంతా అతనికి నేర్పాడు.

ఈ ఏడాది మాకు వరసగా ఓటములు. ఖమరుద్దీన్ కూతురు అరీబా దార్సైట్ స్కూల్లో పన్నెండో క్లాసు. తండ్రి వీసా పోతే తల్లి అక్తరీ బేగంతో పాటు ఆ పిల్లా చదువు మధ్యలో వదిలి విమానం ఎక్కాల్సిందే.

"పాప పరీక్షలయ్యేదాకా ఉండనిస్తే చాలు బ్రహ్మం," అన్నాడొక రోజు స్టోర్‌లో సిమెంట్ బస్తాల మీద కూలబడి. "తరవాత వాళ్లిష్టం. నాకు సాలైపోయిందప్పా."

ఆ వారంలోనే రఘుపతి స్టోర్‌కు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అన్నా, ఇద్దరు మేనేజర్లు ఎందుకు, ఒక్కడు చాలంటున్నడు అర్బాబ్. నన్ను ఉంచుతడట. ఆ ముచ్చట ఖమర్ భాయ్‌కి నన్నే చెప్పుమన్నడు. ఎట్ల జెప్పాలె?"

"ఎట్లా ఏముంది? పాయా పెట్టించు!" అన్నాను మంటతో.

వెటకారమని అతనికి తోచలేదు. అక్కడే నిలబడి ఖమరుద్దీన్‌కు ఫోన్ చేసి పాయాకు రమ్మన్నాడు. అవతలి నుంచి ఖమరుద్దీన్ గొంతు వినిపించింది, "ఎన్ని గంటలకు రమ్మంటావు?"

ఒక్కడినే పోలేనని రఘుపతి నన్నూ లాక్కెళ్లాడు. ఖమరుద్దీన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. ఆర్డర్ కూడా ఆయనే ఇచ్చాడు. మేమిద్దరం రొట్టె తుంచుతూ కూర్చున్నాం.

"తినండప్పా, సల్లారిపోతాది."

చాయ్ వచ్చింది. రఘుపతి గ్లాసును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"చెప్పు రఘూ. చాయ్ వచ్చె కదా."

"నాతోని అయితలేదు భాయ్."

"నాకూ ఒక తూరి కాలేదులే. అందుకే కదా నువ్వు ఈడ ఉండావు." ఖమరుద్దీన్ నవ్వబోయాడు కానీ కుదరలేదు. "నన్ను తీసేసినారు. అంతే కదా? నాకు ఒకటే చెప్పు. ఎప్పటిదాకా టైమిచ్చినారు? మార్చి దాకా ఉంటే పాప పరీక్షలు రాసుకుంటాది."

"టైం ఇయ్యలేదు భాయ్. ఈ నెలాఖరుకే పొమ్మన్నడు. నేను కొట్లాడిన. ఖమర్ భాయ్‌ని పంపితే నాక్కూడ ఈ నౌకరీ వద్దన్న." రఘుపతి గ్లాసు పక్కకు జరిపాడు. "బస్సు డ్రైవర్ జాగ ఖాళీగున్నది గద. అండ్ల పెడుత అన్నడు. పిల్ల పరీక్షలు అయ్యేదాక మీ ఇంటోళ్ల కాగితాలు ముట్టడట. కానీ నువ్వు బండి నడపాలె, నేను పక్కన కూసోవాలె. గది చెప్పబుద్ధి అయితలేదు."

అతన్ని అపార్థం చేసుకున్న సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను. ఖమరుద్దీన్ మాత్రం కళ్లు తుడుచుకుని చాయ్ అందుకున్నాడు.

"బస్సు తోలేది నాకేం కొత్తనా? ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. పాప రాసుకుంటాది, అది చాలు."

బిల్లుకు ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు.

"చెప్పినోడే కట్టాలె గద భాయ్?"

"నువ్వు యాడ చెప్తివి? నేనే చెప్పుకుంటి," అంటూ ఖమరుద్దీన్ బిల్లు లాక్కున్నాడు.

శుక్రవారం మ్యాచ్‌కు బస్సెక్కిన రఘుపతి నేరుగా వెనక వరసకు వెళ్లి కూర్చున్నాడు. ఖమరుద్దీన్ బండి తియ్యలేదు.

"మేనేజర్ సాబ్, ముందుకొచ్చి కూచో. అంతదాకా బండి కదలదు."

రఘుపతి తల వంచుకుని ముందుకు వచ్చాడు. ఆ రోజు కూడా ఓడిపోయాం. తిరుగుదారిలో రేడియో మోగుతోంది. సగం దారిలో ఫోన్ మోగింది. ఖమరుద్దీన్ చెయ్యి స్టీరింగ్ వదిలి తన జేబులోకి వెళ్లింది. మోగుతున్నది రఘుపతి ఫోను. "యస్ అర్బాబ్," అంటూ అతను కిటికీ వైపు తిరిగాడు. ఖమరుద్దీన్ జేబులోంచి చెయ్యి తీసి రేడియో తగ్గించాడు.