కరుణమ్మకు నేనిచ్చిన ముందు గది

2023 ఆగస్టు. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు పైన మొదటి అంతస్తులో మా ట్రావెల్స్ ఆఫీసు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్ళు. మొదట చాలా ఏళ్ళు యాత్రా బస్సులే నడిపాను: శ్రీశైలం, అహోబిలం, యాగంటి, వేసవిలో కాశీ. తర్వాత విమానం టికెట్లు, వీసాలు వచ్చాయి. క్రూజులు, అంటే సముద్రం మీద నాలుగైదు రోజులు తిప్పి తెచ్చే పెద్ద ఓడల ప్రయాణాలు, అమ్మడం మొదలుపెట్టి రెండేళ్ళు కూడా కాలేదు. కంప్యూటరు ముందు కూర్చుని మూడు క్లాసులు విన్నాను, పరీక్ష రాశాను, క్రూజ్ స్పెషలిస్ట్ అని సర్టిఫికెట్ పంపారు. దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. షిప్పు మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. ఈ సంగతి ఇక్కడ ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన రోజు చెప్పలేదు కాబట్టి.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం ఆళ్ళగడ్డ నుంచి దేవదానం సారు వచ్చారు. ఆయన అక్కడి హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు కానీ, లెక్కల సారంటే నాకు ఇప్పటికీ వెన్ను నిటారవుతుంది. చంకలో పొడవాటి నోటుపుస్తకం, చేయి పట్టుకుని భార్య కరుణమ్మ.

“కుర్చీ నీ ఎడమ పక్కనుంది, చూసి కూర్చో,” అన్నారు ఆమెతో. ఆమె చేత్తో తడిమి కూర్చున్నారు. అప్పుడర్థమైంది నాకు.

సారు దాచుకోలేదు. “సుగరు కంట్లోకి దిగింది ఓబులేసూ. ఎడమది పోయింది. కుడిది ఏడాదో ఏడాదిన్నరో అని కర్నూల్లో డాక్టరు చెప్పినాడు. ఈమె ఇంతవరకు సముద్రం చూళ్ళేదు. చూపిస్తా, చూపిస్తా అంటానే నేను రిటైరైపోయినా.”

“చీరాలకో, బాపట్లకో పోయి చూసొస్తే సరిపోతాది గదా అని నేను చెప్తాండా,” అన్నారు కరుణమ్మ. “వింటాండాడా?”

“ఒడ్డున నిలబడి గంటసేపు చూసేది ఏందీ? పండుకున్నా, లేచినా, తింటున్నా నీళ్ళు కనపడాల. చూసి చూసి యిసుగు రావాల నీకు.” ఆ మాటలు ఆమెతో అంటూ నా వైపు చూశారు. “షిప్పులో మంచి రూము కావాలప్పా. సూట్ అంటారంట గదా. మూడు కంపెనీల కాగితాలు ఈడ పెట్టు. పొగడద్దు. లెక్క నేను చూసుకుంటా.”

ఇక్కడ సూట్ గురించి కొంచెం చెప్పాలి. మామూలు గది కంటే పెద్దదిగా, బాల్కనీతో, వేరే మర్యాదలతో ఇచ్చే గదిని సూట్ అంటారు. కానీ ఆ మాట మీద ఎవరి హక్కూ లేదు. ఒక కంపెనీ వాళ్ళు సోఫా వేసి అడ్డం కర్టెన్ కట్టినా సూట్ అనేస్తారు. ఇంకొకరి దగ్గర సూట్ వాళ్ళకు వేరే లిఫ్టు, వేరే భోజనాల హాలు, వేరే డెక్కు. బట్లర్ అని రాస్తారు. ఒకచోట పెట్టెలు సర్దిపెట్టి పొద్దున్నే కాఫీ తెచ్చే మనిషి, ఇంకోచోట ఎత్తీ ఎత్తని ఫోన్ నెంబరు. ఇవన్నీ నాకు కంఠోపాఠం. కాగితాల మీద నుంచే.

సారు నోటుబుక్కులో మూడు గడులు గీశారు. మొదటి షిప్పులో సూట్ ఐదో అంతస్తులో, సరిగ్గా మధ్యలో. మా భాషలో మిడ్‌షిప్. బాల్కనీ ఉంది గానీ కింద లైఫ్‌బోట్లు వేలాడుతుంటాయి, వంగి చూస్తే వాటి కప్పులే కనిపిస్తాయి. రెండో షిప్పులో సూట్ పన్నెండో అంతస్తులో, ఓడ ముక్కు దగ్గర. ఫార్వర్డ్ అంటాం. రెండు గోడలు అద్దాలే, బాల్కనీ మూల తిరిగి ఉంటుంది. మూడోది చెన్నై నుంచి పోయే పాత షిప్పు. గది పెద్దదని రాశారు. సారు పావుగంట లెక్క చూసి, పెన్ను మూతతో టేబులు మీద కొట్టారు.

“వీడు బాల్కనీ కూడా గదిలో కలిపి చదరపు అడుగులు రాసినాడు. మిగిలినోళ్ళు కలపలేదు. ఇది కొట్టెయ్.”

ఇన్నాళ్ళుగా ఆ కాగితం జనానికి చూపిస్తున్నాను, నాకు తట్టలేదు. సిగ్గేసింది, నవ్వొచ్చింది. కరుణమ్మ కూడా నవ్వారు. “పెండ్లి చూపులకొచ్చిన దినం మా ఇంటి వాసాలు కూడా లెక్కబెట్టినాడు నాయనా,” అన్నారు.

అప్పుడే ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆ రోజంతటికీ అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

“నాకు బస్సు పడదప్పా. ఒకసారి శ్రీశైలం డ్యాము చూసేకి పోతే ఘాటు మొదలైన కాడ్నుంచి వాంతులే. షిప్పు ఊగుతాదా?”

“ఊగదమ్మా. అది ఊరంత ఉంటాది. నేల మీద ఉన్నట్టే. కింద స్టెబిలైజర్లని రెక్కలుంటాయి, ఊగనియ్యవు.” అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “అయినా మీకెందుకు, ముందర రూమిస్తా గదా,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో చెప్తాను. నల్లమల ఘాటు రోడ్డు మీద ఎన్ని వందల సార్లు బస్సు పంపానో లెక్కలేదు. బస్సు పడని వాళ్ళుంటే ముందే పేరు రాసుకుని, డ్రైవరు వెనక రెండు వరసలు వాళ్ళకే అట్టిపెట్టేవాణ్ణి. ఒక నిమ్మకాయ, ఒక కవరు చేతికిచ్చేవాణ్ణి. వెనక సీటుకు కుదుపెక్కువ, ముందు సీటుకు తక్కువ. మా యాత్రా బస్సుల్లో క్లీనరుకు కూడా తెలిసిన సంగతి అది. ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నది కూడా అందుకే, ఓబులేసు ఒంటి సంగతి అడిగి సీటు ఇస్తాడని. ఆ అలవాటుతోనే కరుణమ్మకు పన్నెండో అంతస్తులో ముక్కు దగ్గర గది ఇచ్చాను. చూపుకూ అదే మంచిది, ఒంటికీ అదే మంచిదని గట్టిగా నమ్మాను. సారు మధ్య గది గడి కొట్టేసి ఫార్వర్డ్ గడి చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

డిసెంబరులో బయలుదేరారు. సింగపూరులో ఎక్కి వియత్నాం వైపు, ఐదు రాత్రులు. ఆ నెలల్లో అటు గాలులు ఎక్కువని క్లాసులో చెప్పారు. అదీ విన్నాను. రెక్కలున్నాయి కదా అనుకున్నాను.

రెండో రోజు పొద్దున సారు నుంచి మెసేజ్ వచ్చింది. వేరే గది దొరుకుతుందా అని మాత్రమే ఉంది. ఏసీ సరిగా లేదేమో, బట్లర్ పలకడం లేదేమో అనుకున్నాను. కంపెనీకి రాశాను. షిప్పు నిండిపోయింది, ఖాళీ లేదన్నారు. అదే ఆయనకు పంపి, పక్కన దండం బొమ్మ కూడా పెట్టాను. తర్వాత ఆయన ఏమీ రాయలేదు. బాగానే ఉన్నారనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకుంటామో మనకు అనుకూలమైనవి.

సంక్రాంతి సెలవులయ్యాక సారు ఒక్కరే ఆఫీసుకు వచ్చారు. నోటుబుక్కు లేదు.

“ఎట్లుండింది సార్?” అన్నాను, నవ్వుతూనే.

“నేను కేకలెయ్యడానికి రాలేదు. ఒకటి తెలుసుకుందామని వచ్చినా. ముందర రూము ఎందుకిచ్చినావ్ ఓబులేసూ?”

అప్పుడు చెప్పుకొచ్చారు. షిప్పు కదిలేసరికి చీకటి పడింది, పొద్దున లేచి చూద్దామని పండుకున్నారు. తెల్లారేసరికి గది పైకి లేస్తూ, కిందికి పడుతూ ఉంది. కరుణమ్మ కళ్ళు తెరిస్తే వాంతి, మూసుకుంటే కొంచెం నయం. గాలికి ముందు వైపు బాల్కనీ తలుపులు తెరవొద్దని మైకులో చెప్పారు. వెలుతురు పడితే ఆమెకు తల తిరిగిపోతోందని సారు అద్దాలకు కర్టెన్లు లాగేశారు. మూడో రోజు షిప్పు డాక్టరు సెలైన్ ఎక్కించాడు. రేవులో ఆగిన రోజు కూడా ఆమె లేవలేకపోయారు. తిరిగొచ్చాక చక్రాల కుర్చీలో దించారు.

“ఆ డాక్టరు నన్ను తిట్టినాడప్పా. ఇట్లా పడని మనిషిని కొసకు, అంత ఎత్తున ఎవరు పెట్టినారు, నడిమిన కింద పెట్టాల గదా అని. అయిదు దినాలు నేను ఆ మంచం ఇడిసి రాలేదు. ఆమె కండ్లు మూసుకుని, నేను గిన్నె పట్టుకుని. కర్టెన్ తీసి చూసింది లేదు.”

“బస్సులో ముందర సీటుకు కుదుపుండదు సార్. అందుకే...” అన్నాను.

సారు తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఇంత కాలం ఇది నన్ను పీక్కు తినేది కాదేమో. ఆయన తన నుదురు తాను కొట్టుకున్నారు.

“తూగుడుబల్ల కొసన కూచున్నోడు పైకీ కిందికీ పోతాడు, నడిమిన కూచున్నోడు కదలడు. ఎంతమంది పిల్లోల్లకు బోర్డు మీద బొమ్మేసి చెప్పినా నేను? నాకూ తట్టలేదు. నీదొక్కనిదే తప్పెట్లయితాదిలే.”

నాదే తప్పు. ఆయనకు అది పాఠం, నాకు అది వృత్తి. తెలియనప్పుడు తెలియదని చెప్పడం నా పని. కంపెనీకి ఒక్క ఫోన్ చేసి, బస్సు పడని మనిషి ఉంది, ఏ గది ఇవ్వాలి అని అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారు. ఐదో అంతస్తులో మధ్య గది నా టేబులు మీదే ఉంది. లైఫ్‌బోట్ల కప్పులు అడ్డమైతే ఏం, వాటి మీదుగా కావలసినంత సముద్రం కనిపించేది ఆమెకు.

“ఇంకోసారి పోదాం సార్. మధ్య గది, కదలని నీళ్ళు, నేనే దగ్గరుండి తీసుకుపోతా,” అన్నాను. ఆయన ఆమెను అడుగుతానన్నారు. ఆమె ఒప్పుకోలేదు. కనీసం చీరాల తీసుకుపోతానని ఫిబ్రవరిలో నేనే ఫోన్ చేశాను. ఎండలు ముదరకముందే పోదాం, కొంచెం ఒళ్ళు కోలుకోనీ అన్నారు సారు. మార్చిలో కుడి కంట్లో రక్తం దిగి ఆ చూపూ పోయింది. డాక్టరు చెప్పిన గడువు కంటే ముందే.

ఆ జనవరి నుంచి నా పద్ధతి మారింది. క్రూజ్ అని ఎవరొచ్చినా ముందు ఒంటి సంగతి అడుగుతాను, తర్వాత డెక్ ప్లాన్, అంటే ఏ గది ఓడలో ఏ చోట ఉందో చూపే పటం, పరిచి మధ్య నుంచి మొదలుపెడతాను. నేను షిప్పు ఎక్కలేదు, ఇవన్నీ విన్నవీ చదివినవే అని కూర్చోగానే చెప్పేస్తాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనీ.

జూన్‌లో వేరే పని మీద ఆళ్ళగడ్డ పోయి, మొహం చెల్లకపోయినా సారు ఇంటికి వెళ్ళాను. వరండాలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. నేను గేటు తీసేసరికి సారు ఏదో చెబుతున్నారు, ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటున్నారు. నా గొంతు విని, “రాప్పా ఓబులేసూ, కూచో. సారు సముద్రం చెప్తాండాడు,” అన్నారు ఆమె, మామూలుగా.

సారు నా వైపు చూసి, మళ్ళీ మొదలుపెట్టారు. “నాలుగో దినం పొద్దున అనుకుంటా. నువ్వు నిద్రపోతాండావ్. బాల్కనీలోకి పోయి నిలబడినా. కుందూలో వరదొచ్చినప్పుడు ఉంటాయే, ఆ నీళ్ళ మాదిరి కాదు. నీలం గూడా కాదు. కొత్త రేకు మీద ఎండ పడినట్టుండె. చిన్న చేపలు గుంపుగా లేచి, పిచ్చుకల మాదిరి ఎగురుకుంటా పోయి మళ్ళా నీళ్ళలో పడె. యాడ చూసినా ఒడ్డనేది లేదు.”

ఆ ఐదు రోజులూ ఆయన కర్టెన్ కూడా తీయలేదని నాకు ఆయన నోటితోనే తెలుసు.

కరుణమ్మ మొహం నా గొంతు వచ్చిన వైపు తిప్పారు. “నువ్వు చెప్పప్పా. షిప్పులు అమ్మేటోడివి, నీకు తెలుస్తాది. నిజంగా అట్లే ఉంటాదా, నా కోసరం ఈయన కల్పించి చెప్తాండాడా?”

సారు తల ఎత్తలేదు. తువ్వాలు అంచు మడతపెట్టుకుంటూ ఉన్నారు. తెలియదమ్మా, నేను చూడలేదు అని ఆరు నెలలుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ చెబుతున్నాను. ఆ మాటే నోటి దాకా వచ్చింది.

“అట్లే ఉంటాదమ్మా,” అన్నాను. “సారు చెప్పింది అక్షరాలా నిజం.”

ఆమె వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. “అయితే మళ్ళా మొదట్నుంచి చెప్పు,” అన్నారు ఆయనతో.