నేను బాగుచెయ్యని టీవీ

నాకు ఎలుగుబంటంటే భయం. కాశీబుగ్గలో ఇరవయ్యేళ్లుగా టీవీలు బాగుచేస్తూ, ఎన్నోసార్లు కరెంటు షాకు తిని లేచినవాణ్ణే అయినా, ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. ఉద్దానంలో పుట్టి ఎలుగంటే భయం లేదనేవాడు కోతలరాయుడైనా అయుండాలి, దాన్ని చూడనివాడైనా అయుండాలి. జీడిపళ్లు పండగానే ఆ వాసనకు ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. అందుకే ఆ రోజుల్లో తోట ఇళ్లకు పని ఒప్పుకోను. టీవీ కొట్టుకే పట్టుకు రమ్మంటాను.

ఆ రోజు ఫోన్ చేసినావిడ మాత్రం వదల్లేదు. ఇల్లు కంచిలి అవతల తోటలో ఉందట. మంచం దిగలేని భర్తను వదిలి రాలేనంది. "టీవీ ఎలగట్లేదు అన్నయ్యా. అది మోగకపోతే నాను గడప దాటలేను" అంది. తిట్టుకుంటూనే బండి తీశాను.

టీవీకీ గడప దాటడానికీ సంబంధమేమిటో వెళ్లాక చెప్పింది. కిందటేడు ఇంటి వెనకాలే ఆవిడ భర్త మీద ఎలుగు పడింది. కుడి కన్ను పోయింది, కుడి చెయ్యి పనికిరాకుండా అయింది, నడుము లేవదు. రాలిన జీడిపిక్కలు ఇప్పుడు ఆవిడ ఒక్కతే ఏరాలి. టీవీని కిటికీ దగ్గర పెట్టి, సౌండు చివరిదాకా పెంచి తోటలోకి వెళుతుందట. మనుషుల గొంతులు వింటే ఎలుగు పక్కకు తప్పుకుంటుందని ఆవిడ నమ్మకం. రెండు రోజులుగా టీవీ లేదు, రెండు రోజులుగా పిక్కలు చెట్ల కిందే ఉన్నాయి.

టీవీని ఆయన మంచానికి ఆనుకునే ఉన్న కిటికీ దగ్గర్నుంచి దించాను. వెనకాల ఎండుటాకుల్లో ఏదో గలగలమన్నప్పుడల్లా నా మెడ దానంతటదే తిరిగేది. ప్లగ్గులో కరెంటు ఉంది. తీగ బాగానే ఉంది. టీవీ ముందుండే ఎర్ర లైటు మాత్రం లేదు. సరే, కరెంటు లోపలి బోర్డు దాకా వెళ్లడం లేదనుకుని వెనక మూత విప్పబోయాను. రెండు స్క్రూలు అప్పటికే వదులుగా ఉన్నాయి, వాటి తలల మీద కొత్త గీతలున్నాయి. లోపల బోర్డంతా దుమ్ము, ఒక్కచోట మాత్రం వేళ్లు తగిలిన జాడ. అక్కడ ఫ్యూజు ఉండాలి. లేదు. ఫ్యూజు మాడిపోవడం రోజూ చూస్తాను గానీ, లేచి నడిచిపోవడం ఎప్పుడూ చూడలేదు.

ఆవిణ్ణి పిలవబోయి మంచం వైపు చూశాను. ఆయన ఆ ఒక్క కంటితో నన్నే చూస్తున్నాడు. ఆవిడ వంటింట్లో టీ పెడుతోంది. ఆయన ఎడమ గుప్పిట తెరిచాడు. అందులో గాజు ఫ్యూజు ఉంది.

"కేకెయ్యకు బావా" అన్నాడు మెల్లగా. "ఆ దినం కూడా ఇది మోగతానే ఉంది. ఈ హోరులో ఎలుగు నా ఎనక్కొచ్చినా నాకు ఇనబళ్లేదు. సౌండు పెంచింది మీ సెల్లే. ఆ సంగతి తెలిస్తే మరి బతకదు."

"మరి నన్నేటి సెయ్యమంటావు?"

"బాగవదని సెప్పీ. సప్పుడు లేపోతే బయపడతాది. బయపడితే సెవులొగ్గి ఇంటాది."

 మా నాన్న తోటలో నడిచేటప్పుడు రేకు డబ్బా వాయించేవాడు, చప్పుడుకు ఎలుగు రాదని అందరిలాగే నేనూ నమ్మి పెరిగాను. ఆయన ముఖం చూస్తే ఆ నమ్మకం నిలవడం లేదు. ఫ్యూజు పెట్టడానికి అర నిమిషం చాలు. పెడితే ఆమె ధైర్యంగా వెళుతుంది, పెట్టకపోతే వణుకుతూ వెళుతుంది. ఎలా వెళితే ఆమె తిరిగొస్తుందో నాకెలా తెలుస్తుంది? వంటింట్లో గ్లాసుల చప్పుడైంది. నేను ఆయన గుప్పిట మూసేశాను.

"ఏటయ్యింది అన్నయ్యా?"

"బోర్డు కాలిపోయిందమ్మా. మరి బాగవదు."

ఆవిడ టీ గ్లాసు నా చేతికిచ్చింది. "పోనీ నీ కొట్లో రేడియో లాంటిదేటైనా ఉంటాదా?" అని అడిగింది.

నా కొట్లో పాత రేడియోలు నాలుగున్నాయి. లేవన్నాను.

మూడో రోజు కూడా పిక్కలు వదిలెయ్యలేక, పొద్దు వాలకముందే కొన్నైనా ఏరాలని బకెట్టు పట్టుకుని దిగింది. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, అటూ ఇటూ తల తిప్పి, చెవి పెట్టి విని, అప్పుడు వంగుతోంది. ఆకుల మీద ఆమె అడుగులు నాకు వినిపిస్తున్నాయి. మంచం మీద ఆయన ఊపిరి బిగబట్టి వాటినే వింటున్నాడు. నేను చూడలేక బండెక్కాను. పెద్ద రోడ్డు వచ్చేదాకా ఎక్కడా ఆపలేదు.

రెండేళ్లయింది. జీడి రోజుల్లో కొట్టుకొచ్చిన వాళ్లెవరైనా ఎలుగు మాటెత్తితే, మనిషికి ఏమైందని కాదు, ఏ ఊరని అడుగుతాను. కంచిలి వైపు అంటే ఆ పూట ఇంక పని సాగదు. ఆవిడ నంబరు నా ఫోన్లో ఉంది. ఒక్కసారి చేస్తే ఎలా ఉందో తెలిసిపోతుంది. ఇంతవరకూ చెయ్యలేదు.